నూటెనిమిదికి నూరే

కోటిలో మూడు లేదు. ఎంత వెతికినా దొరకదు. కోటిని విడదీస్తూ పోతే ఏడు రెండ్లు, ఏడు ఐదులు వస్తాయి, అంతే. అందుకే మూడుతో భాగించినా, తొమ్మిదితో భాగించినా చివరికి ఒకటి మిగులుతుంది. జగిత్యాలలో నేను లెక్కలు చెప్పే బడిలో ప్రతి ఏడూ ఈ మాట బోర్డు మీద రాసి చూపిస్తాను. పిల్లలు అర్థమైనా కాకపోయినా తలలూపుతారు. మా అత్తమ్మ మాత్రం ఊపలేదు.

"శ్రీరామ అంటె మూడక్షరాలు గదనే. కోటిసార్లు రాస్తె మూడు కోట్ల అక్షరాలాయె. మూడు లేదంటవేంది?" అంది.

నాకు నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది. ఆ ఇంట్లో నాకు ఈ రెండూ కలిసే వస్తాయి. నా కోపం సంగతి కోరుట్లలో మా వాడకంతా తెలుసు.

అత్తమ్మ ఇరవై ఏడేళ్లుగా రామకోటి రాస్తోంది. మామయ్య పోయిన ఏడు మొదలుపెట్టిందట. నేను కోడలిగా వచ్చేసరికే ఒక ఇనుప పెట్టె నిండి ఉంది. రెండు వందల పేజీల పొడుగు నోటుబుక్కు తీసుకుని, స్కేలు పెట్టి గళ్లు గీసుకుంటుంది. అడ్డం తొమ్మిది, నిలువు పన్నెండు. పేజీకి నూట ఎనిమిది గళ్లు, గడికొక శ్రీరామ, పైన తేదీ. పొద్దున్నే స్నానం చేసి, చాయ తాగి, గోడకు ఆనుకుని కూర్చుందంటే పది పేజీలు అయ్యేదాకా లేవదు. తప్పు పడితే కొట్టేయదు, చెరపదు. ఆ గడి మూలన చిన్న చుక్క పెట్టి ముందుకు పోతుంది. పేజీలు అయ్యాక చాటలో తునికాకు పెట్టుకుని బీడీలు చుట్టడానికి కూర్చునేది. కోటి నిండిన రోజున పుస్తకాలన్నీ కొండగట్టు అంజన్నకు అప్పగించాలని మొక్కు.

నిరుడు ఆమె కళ్లకు నీటికాసులు వచ్చాయని తేలింది. కుడికన్ను అప్పటికే పోయింది. ఎడమకన్ను చుట్టూ మూసుకుంటూ వస్తోంది, నడిమధ్యలో కాస్త కనిపిస్తుంది. పోయిన చూపు ఇక రాదని, ఉన్నదాన్ని చుక్కల మందుతో కొన్నాళ్లు ఆపగలమని డాక్టరు చెప్పాడు. ఎన్నాళ్లని నేను అడిగితే, ఏడాది నిలిస్తే సంతోషించండి అన్నాడు. అత్తమ్మ పక్కనే కూర్చుని వింది. ఆ మర్నాటి నుంచి ముక్కు పుస్తకానికి తగిలేలా వంగి రాయడం మొదలుపెట్టింది. పది పేజీలు రెండయ్యాయి.

ఈ ఏడు వేసవి సెలవులకు రెండు రోజుల ముందు, పొద్దున్నే మా ఆయన్ని పిలిచింది. ఆయన బస్సు కండక్టరు, డ్యూటీకి బయల్దేరుతున్నాడు.

"అరేయ్, ముప్పై ఆరు నోటుబుక్కులు ఒక్కసారే పట్టుకరా. గళ్లు ఇప్పుడే గీసి పెట్టుకుంట. కన్ను పూరాగ పోయినంక గీతలు కొట్టరాదు."

"ముప్పై ఆరా? గన్ని ఏం జేస్తవే అమ్మా?"

"నాలుగు వందల అరవై మూడు పుస్తకాలు నిండినయి. గీ పుస్తకంల ఇయ్యాల్టియి కలిపి నలభై పేజీలు. అంటె తొంభై రెండు లక్షల అరవై నాలుగు వేలు అయినయి. ఇంక ఏడు వేల మూడు వందల అరవై పేజీలు రాయాలె."

మా ఆయన నా వైపు చూశాడు. రోజుకు రెండు పేజీలంటే పదేళ్లు. కంటికి ఏడాది. ఆ లెక్క ముగ్గురికీ తెలుసు.

"మిగిలినయి నేను రాస్త అత్తమ్మా, మీరు పక్కన కూసోన్రి," అన్నాను.

"నువ్వు రాస్తె నీ కోటి అయితది. నాదెట్లయితది? నా నోట్లె అన్నం నువ్వు నమిలితె నా కడుపు నిండుతదా?"

నా బ్యాగు తీసుకుని బస్సెక్కాను.

ఆ బస్సులోనే నాకు అనుమానం తగిలింది. లెక్కల టీచరు జబ్బు ఒకటుంది, ఏ అంకె విన్నా దాని లోపలి అంకెలు కూడుకోవడం. తొంభై రెండు లక్షల అరవై నాలుగు వేలు. తొమ్మిది, రెండు, ఆరు, నాలుగు. ఇరవై ఒకటి. నాకు కిటికీ బయట ఏమీ కనిపించలేదు ఇక. నూట ఎనిమిది తొమ్మిదితో తెగుతుంది. ఎన్ని పేజీలు రాసినా ఆ మొత్తం తొమ్మిదితో తెగాలి, అంకెలు కూడితే తొమ్మిదో, పద్దెనిమిదో, ఇరవై ఏడో రావాలి. ఇరవై ఒకటి రావడానికి వీల్లేదు. అంటే ఇరవై ఏడేళ్ల లెక్కలో ఎక్కడో తప్పుంది.

టికెట్టు వెనక రాశాను. తొంభై రెండు వేల ఆరు వందల నలభై పేజీలు. నూట ఎనిమిదితో హెచ్చిస్తే ఒక కోటి ఐదు వేల నూట ఇరవై. అంకెలు కూడాను. తొమ్మిది! అత్తమ్మ పేజీకి నూట ఎనిమిది రాసి నూరుగా లెక్కబెట్టింది. కోటి ఎప్పుడో దాటిపోయింది. సరిగ్గా చెప్పాలంటే తొంభై రెండు వేల ఐదు వందల తొంభై మూడో పేజీలో, అరవై నాలుగో గడిలో కోటి నిండింది. ఇరవై రోజులకు పైనే అయింది. ఆ గడి రాసి, కోటి నిండిందని తెలియక, కళ్లు తుడుచుకుని అరవై అయిదో గడిలోకి పోయింది మా పిచ్చితల్లి.

బస్సులో గట్టిగా "అబ్బా!" అన్నాను. పక్కనావిడ కాలు తొక్కాననుకుని జరిగి కూర్చుంది.

సాయంత్రం కిలో జిలేబీ కట్టించుకుని ఇంటికొచ్చాను. చెప్పులు విప్పకుండానే గడపలో నిలబడి లెక్కంతా అప్పజెప్పాను. అత్తమ్మ విన్నది. మొహంలో ఏ మార్పూ లేదు.

"నాకు తెల్వదానే నూటెనిమిదని? గళ్లు గీసింది నేనే గద. నూటెనిమిదికి నూరే."

"ఎట్ల నూరు?"

"వెయ్యి బీడీలు అప్పజెప్పాలంటె వెయ్యే చుట్టుక పోతమా? కార్ఖానల ఒక్కొక్కటి పట్టి సూస్తరు. వంకరది, పగిలింది, సన్నది, అన్నీ ఏరి పారేస్తరు. పైన ఇన్ని ఎక్కువ పట్టుకపోతెనే వెయ్యి నిలుస్తయి. గిదీ గంతే. నూరు నిలవాలంటె నూటెనిమిది రాయాలె. ఎనిమిది కొసరు."

"దేవుడు బీడీల కార్ఖాన గుమాస్తానా అత్తమ్మా, ఏరి పారేయనీకి?"

"గుమాస్తా గంతనన్న సూడకుంటె గాయన దేవుడెట్లయితడు? అయినా కొసరుకిచ్చింది మళ్ల లెక్కల కలుపుకుంటరా ఎవరన్న? ఇజ్జత్ ఉండాలె."

నాకు ఒళ్లు మండింది. ఆమె కోసం పొద్దంతా సంతోషాన్ని కడుపులో దాచుకుని మోసుకొచ్చాను కదా! అత్త మీద కోపం దుత్త మీద అని ఊరికే అనలేదు. వంటింట్లోకి పోయి గిన్నెలు ఎత్తి పడేశాను. అయినా ఆగలేదు. బయటికొచ్చి, పద్దెనిమిదేళ్లుగా మింగుకున్న మాట కక్కేశాను.

"మీకు మనుషుల కంటె పుస్తకాలే ఎక్కువ. నేను కరీంనగర్ దవాఖానల పడి ఉన్ననాడు గూడ మీరు గీడ రాసుకుంటనే కూసున్నరు."

నాకు పెళ్లయిన మూడేళ్లకు, ఐదో నెలలో కడుపు పోయింది. మూడు రోజులు దవాఖానాలో ఉన్నాను. మా అమ్మ సిరిసిల్లలో మరమగ్గం ఆపించి మరీ పరుగెత్తుకొచ్చింది. అత్తమ్మ రాలేదు. ఆ సాయంత్రం మా ఆయన్ని అడిగితే, రాసుకుంటూ కూర్చుందని చెప్పాడు పాపం, అబద్ధం రాని మనిషి. నెల రోజులు సిరిసిల్లలో ఉండి తిరిగొస్తే అత్తమ్మ వేణ్నీళ్లు తోడింది, కోడి కూర వండింది, ఒక్క మాట అడగలేదు. రెండేళ్లకు మాకు బిడ్డ పుట్టింది, ఇప్పుడు హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతోంది. బిడ్డను పెంచిందంతా అత్తమ్మే. అయినా ఆ మూడు రోజులు నాలో అట్లాగే ఉండిపోయాయి. మంచిగా ఉన్నన్నాళ్లు ఉండి, ఎప్పుడో ఒకప్పుడు కందిరీగలా కుట్టేవి.

అత్తమ్మ జిలేబీ ముట్టలేదు. చేత్తో తడుముకుంటూ పెన్ను మూత పెట్టింది.

మర్నాడు పొద్దున ఆమే పిలిచింది.

"సరె. ఏరుడే గద. నువ్వే ఏరు. పుస్తకాలన్నీ సూసి, చుక్క పెట్టినయి తీసెయ్యి. నిలిచినయి ఎన్నో చెప్పు. నువ్వు చెప్పిందే లెక్క. పాతది ఏరక ముందు కొత్తది చుట్టొద్దు, నువ్వు అయ్యిందనేదాక నేను రాయ."

న్యాయమైన మాట. లెక్కల మనిషిని, నేను కాదనలేకపోయాను. మా ఆయన సజ్జ మీది పెట్టెలు దించాడు. సెలవులన్నాళ్లూ రోజుకు పది పదకొండు పుస్తకాలు ముందేసుకుని చుక్కలు లెక్కబెట్టాను.

తప్పులు ఎక్కువేం లేవు. ఇరవై పేజీలకొకటి ఉంటుందేమో. కొన్నిట్లో "శ్రీరా" దగ్గర ఆగిపోయింది. ఒక గడిలో "చింతపండు" అని ఉంది. ఒక దాంట్లో "గ్యాస్". ఒక వానాకాలంలో "కప్పు కురుస్తుంది" అని మూడు గళ్లలో వరసగా రాసి మూడింటికీ చుక్కలు పెట్టింది. చదివి వినిపిస్తే అత్తమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. మా ఆయన పేరు పదకొండు చోట్ల దొరికింది, పదకొండింటికీ చుక్కలే.

"నేను తప్పేనా అమ్మా?" అని ఆయన మూతి ముడిచాడు.

"గప్పుడు నువ్వు బండి నేర్చుకుంటున్నవు. గిది గుర్తుకు రాకుంటె ఏం గుర్తుకస్తది," అంది అత్తమ్మ.

నూట అరవై నాలుగో పుస్తకం తెరిచేటప్పుడు నాకు ఏ తేదీలూ మనసులో లేవు. పేజీలు తిప్పుతున్నాను. ఒక చోట చెయ్యి ఆగింది. పైన ఆ తేదీ ఉంది. రోజుకు పది పేజీలు రాసే మనిషి ఆ రోజు ఒక్కటే రాసింది. మొదటి రెండు గళ్లలో శ్రీరామ. మూడో గడిలో నా పేరు. నాలుగో గడిలో నా పేరు. ఆ వరసంతా, కింది వరసంతా, పన్నెండు వరసలూ నా పేరే. నూట ఆరు సార్లు. చివరికొచ్చేసరికి అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. మరుసటి పేజీ మూడు రోజుల తర్వాతిది, నేను సిరిసిల్లకు పోయిన రోజుది.

పుస్తకం మూసి పెరట్లోకి పోయాను. బట్టలు లేకున్నా దండెం దగ్గర చాలాసేపు నిలబడ్డాను. పద్దెనిమిదేళ్లు. ఎంత కోపం దాచుకున్నాను ఈ మనిషి మీద! ఏడుపు ఆగలేదు. ఆ రోజు ఆమెను ఏమీ అడగలేదు. అడిగితే మాట సాగదని తెలుసు.

లెక్క పూర్తయ్యేసరికి జూన్ వచ్చింది. ఈలోగా జరిగింది నేను గమనించనే లేదు, చుక్కల్లో పడి. ఒక పొద్దున అత్తమ్మ చాయ కప్పు పక్కన చాయ పోసుకుంది. నేను పరుగెత్తి ఆమె చేతికి పెన్ను, ముందు పుస్తకం ఇచ్చాను. గడి వెతుక్కుంటూ పెన్ను మోకాలి మీదికి పోయింది.

"నడిమిట్లది గూడ పోయిందే," అంది నెమ్మదిగా. అంతే అంది.

నేను చుక్కలు ఏరుతూ కూర్చున్న నలభై రోజుల్లో ఆమె రాసుకోవలసిన చూపు కరిగిపోయింది. ఆమె రాస్తానంటే ఆపినవాళ్లు లేరు, నా మాట కోసం తనే ఆగింది.

ఆ మధ్యాహ్నం మొత్తం కట్టాను. చుక్కలు ఐదు వేల అరవై ఒకటి. కోటి మీద ఉన్నవి ఐదు వేల నూట ఇరవై. చుక్కలు పోగా కోటి నిండి యాభై తొమ్మిది మిగులుతున్నాయి. కానీ ఆ ఒక్క పేజీ? దానికి చుక్క లేదు, కానీ అందులో ఉన్నది రాముడి పేరు కాదు. నూట ఆరు తీసేస్తే కోటికి నలభై ఏడు తక్కువ. నలభై ఏడు గళ్లు! అర పేజీ కూడా కాదు. నలభై రోజుల కింద అయితే చాయ చల్లారేలోపు రాసేసేది.

చెప్పకుండా ఉండొచ్చు. చుక్క లేదు, లెక్క నిండింది అంటే అయిపోతుంది. కానీ ఒక్క సున్నా తక్కువైతే పిల్లల మార్కులు కోసే దాన్ని, ఆమె కోటికి దొంగ లెక్క ఎట్లా కడతాను? నాకు చేతకాలేదు. ఆమె పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకున్నాను.

"అత్తమ్మా, ఒక్క పేజీ ఉంది. దాన్ని ఏం జెయ్యాల్నో తెలుస్తలేదు."

"చుక్కున్నదా?"

"లేదు. కాని శ్రీరామ అని లేదు. నూట ఆరు గళ్లల్ల నా పేరున్నది."

అత్తమ్మ చెయ్యి నా చేతిలో కదలలేదు. చూపు లేని కళ్లు ఎదుటి గోడ మీద ఉన్నాయి.

"చుక్క లేకుంటె మళ్ల అడుగుతవేంది?"

"తప్పు గదా అత్తమ్మా అది."

"అది తప్పెట్లయితదే? చేతప్పి రాసిన్నా? తెలిసే రాసిన. ఆ దినం గాయనను పిలువబుద్ధి కాలే. నిన్ను పిలిచిన. దవాఖానకస్తె నీ మొకం ఎట్ల సూడాలె? ఏం మాట్లాడాలె? నాకు మాటలు రావాయె. గందుకే గీడ కూసుండి నిన్ను పిలిచిన. పేజీ నిండేదాక పిలిచిన బిడ్డా."

నా పేరు కాదు, బిడ్డా అంది. ఆమె ఒడిలో తల పెట్టి చిన్నపిల్లలా ఏడ్చాను. ఆమె నా వీపు మీద చెయ్యి వేసి, ఊరుకో అనకుండా, ఏడవనిచ్చింది. చాలాసేపటికి నేనే తేరుకుని ముక్కు తుడుచుకున్నాను.

"అయితె కోటి నిండింది అత్తమ్మా. ఇంక యాభై తొమ్మిది ఎక్కువున్నయి."

ఆమె పెదవులు కదిపి ఏదో లెక్కేసుకుంది.

"గా యాభై తొమ్మిది కొసరు," అంది.

మర్నాడే ట్రాలీ ఆటో మాట్లాడి పుస్తకాలు సంచుల్లో కట్టాం. నూట అరవై నాలుగోది నా దగ్గరే ఉంచుకుందామని మెల్లగా పక్కకు తీశాను. మా ఆయన చూశాడు.

"గది తీస్తె ఎన్ని తగ్గుతయి టీచరమ్మా?" అన్నాడు.

ఎన్ని తగ్గుతాయో నాకు తెలుసు. అందులో రెండు వందల పేజీలున్నాయి. ఆ పుస్తకం లేకుండా కోటి లేదు. ఆ పేజీ ఒక్కటి చింపుకున్నా కోటి లేదు. తిరిగి సంచిలో పెట్టాను.

కొండగట్టు మీద వరసలో నిలబడి, వంతు వచ్చాక సంచులు ఒక్కొక్కటే లోపలికి అందించాం. అక్కడున్నాయన వాటిని తీసుకుని, గోడ వెంట పేర్చుకుంటూ పోయాడు. అత్తమ్మ నా భుజం పట్టుకుని నిలబడింది, చెవులు రిక్కించి. ఆఖరి సంచి పోయాక నా చెవి దగ్గరికి వంగింది.

"ఏరుతున్నరా?" అని అడిగింది.

"లేదు అత్తమ్మా," అన్నాను. "ఒక్కటి గూడ పక్కకు తియ్యలే. అన్నీ తీసుకున్నరు."